గరాజ్‌లో పెరుగన్నం

అస్థికలు ఇంటి గడప దాటి లోపలికి రాకూడదంటారు. బయట చెట్టుకు కట్టాలి. కానీ ఇది అమెరికా. ఆష్‌బర్న్ టౌన్‌హౌస్‌ ముందున్న చెట్టుకు కుండ కడితే కాలనీ అసోసియేషన్ నుంచి లెటర్ వస్తుంది. అందుకని తేజేశ్వర్ భార్య అంకిత ఎనిమిది నెలలుగా గరాజ్‌లో, పాత టైర్ల పైనున్న షెల్ఫ్ మీద, ఫ్యునరల్ హోమ్ వాళ్లిచ్చిన నల్ల ప్లాస్టిక్ డబ్బాలో ఉంది.

పారే నీళ్లన్నీ గంగే, ఇక్కడి పోటోమాక్ నదిలో కలిపేయండని గుడి పంతులుగారు మొదట్లోనే చెప్పారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. రాజమండ్రిలో పుట్టిన మనిషిని గోదావరిలోనే కలపాలని తేజేశ్వర్ పట్టుబట్టాడు. తీరా చూస్తే వీసా స్టాంపింగ్. వెళ్తే తిరిగి రానిస్తారో లేదో తెలియదు. ఇవాళ, రేపు అంటూనే ఇన్నాళ్లూ గడిచాయి.

మొన్న పంతులుగారు మొహమాటం వదిలేశారు. "ఆవిడ్ని అటూ ఇటూ కాకుండా నిలబెట్టారండీ మీరు" అన్నారు.

ఆ మాటతో తేజేశ్వర్‌కి రెండ్రోజులు ముద్ద దిగలేదు. శనివారం పదింటికి నది దగ్గర కలుద్దామని ఒప్పుకున్నాడు. పదకొండేళ్ల కూతురు వేదకి మాత్రం చెప్పలేదు. చెప్పే ధైర్యం ఉంటే కదా!

శనివారం పొద్దున డబ్బా తీయబోతే దాని చుట్టూ చీమలు బారులు తీరి ఉన్నాయి. వెనక గిన్నెలో పెరుగన్నం, అందులో ఒక ఆవకాయ ముక్క. పక్కన నీళ్ల బాటిల్, అంకిత కళ్లజోడు, ఇంట్లో తొడుక్కునే చెప్పులు. డబ్బాకి అంటించిన పసుప్పచ్చ కాగితం మీద వేద చేతిరాతతో అంకిత పేరు, చుట్టూ కోలగా ఒక గీత.

తేజేశ్వర్‌కి ఒళ్లు మండింది.

"వేదా! ఏంటే ఇది? ఇక్కడ అన్నం పెట్టిందెవరు?"

వేద పైజమాతోనే పరిగెత్తుకొచ్చింది. "నేనే నాన్నా. డైలీ చేంజ్ చేస్తాను. నిన్న మర్చిపోయాను, సారీ."

"ఎవరు చెప్పారు నీకు?"

"సోషల్ స్టడీస్‌లో. ఈజిప్ట్‌లో ఇలానే చేసేవాళ్లు. చనిపోయినవాళ్లకి ఫుడ్ పెట్టాలి, వాటర్ పెట్టాలి, వాళ్ల నేమ్ చెప్పాలి. కింగ్స్ నేమ్ చుట్టూ ఇలా లైన్ గీసేవాళ్లు, సేఫ్‌గా ఉండాలని. ఎవరూ నేమ్ చెప్పకపోతే మళ్లీ చనిపోతారు. అప్పుడు ఫరెవర్." డబ్బాకేసి చూసి అంది, "నువ్వు చెప్పవు కదా. నువ్వు 'ఆ బాక్స్' అంటావు."

అంత కోపమూ ఎటు పోయిందో పోయింది. నిజమే. ఆఫీసులో 'మై వైఫ్', పంతులుగారి దగ్గర 'ఆవిడ', ఇంట్లో 'ఆ బాక్స్'. పేరు పలికితే ఏడుపొస్తుందని భయపడి, అసలు పలకడమే మానేశాడు.

"ఇవాళ నదిలో కలపాలమ్మా" అన్నాడు.

"నో! బాడీ సేఫ్‌గా ఉండాలి నాన్నా. లేకపోతే అమ్మ ఎక్కడికి వస్తుంది?"

"మనది ఈజిప్ట్ కాదు తల్లీ."

ఆ జవాబు అతనికే చప్పగా అనిపించింది. వేద ఏడవలేదు. బట్టలు మార్చుకుని వచ్చి, డబ్బాని ఒళ్లో పెట్టుకుని కారులో కూర్చుంది.

నది ఒడ్డున పంతులుగారు గోత్రం అడిగారు. చెప్పాడు. పేరు అడిగారు. తేజేశ్వర్ డబ్బా మూత తీయబోయాడు. పంతులుగారు మళ్లీ అడిగారు.

"అంకిత" అంది వేద.

అని ఊరుకోలేదు. తండ్రి డబ్బా వంచినంతసేపూ అంటూనే ఉంది. బూడిద నీళ్ల మీద కాసేపు తెల్లగా తేలి, చెదిరి, కనబడకుండా పోయింది. వెనక్కి చూడకుండా నడవమన్నారు పంతులుగారు. తేజేశ్వర్ చూడలేదు. వేద మాత్రం కారు దాకా వెనక్కి చూస్తూనే నడిచింది.

ఇంటికొచ్చి కారు గరాజ్‌లో ఆపాడు. షెల్ఫ్ మీద గిన్నె అలాగే ఉంది. ఈ ఎనిమిది నెలలూ అంకితని ఎవరు చూసుకున్నారో ఇప్పుడు తెలిసొచ్చి, అతనికి సిగ్గేసింది. వేద సీట్ బెల్ట్ తీయకుండా షెల్ఫ్ మీద డబ్బా ఉండే చోటు వైపే చూస్తోంది.

"నాన్నా, రేపు అన్నం ఎక్కడ పెట్టాలి?"