మెట్టు మీద నీడ

పొద్దున్నే లాండ్రీ షాపు తలుపులు తియ్యగానే మెట్లక్క చేసే మొదటి పని, ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపు బట్టల మీద నీళ్ళు చిలకరించడం. ముందు కాలరు, తర్వాత చేతులు, చివరికి వీపు. ఆమె మడత పెట్టిన చొక్కా చూస్తే ఇప్పుడే కొన్నామా అనిపిస్తుంది. ఎదురింటి మాస్టారు ఓసారి "మా ఆవిడ కంటే శ్రద్ధగా చేస్తావమ్మా" అని పొగిడి, ఆ మాట ఇంట్లో తెలిసి, వారం పాటు తన బట్టలు తానే ఉతుక్కున్నాడు.

ఆ పేరు ఆమెకు బస్టాండు మెట్ల మీద వచ్చింది. అసలు ఆమె ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. జ్వరంతో ఉన్న ఆమెను మెట్టు మీద కూర్చోబెట్టి, "అక్కా, ఇక్కణ్ణించి కదలకు, టికెట్లు తీసుకుని ఇప్పుడే వస్తా" అని తమ్ముడు వెళ్ళాడు. వాడు రాలేదు, ఆమె కదల్లేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, మాసిన బట్టల్లో మెట్టు మీద కూర్చున్న మనిషికి లోకం అడక్కుండానే చిల్లర వేసింది. మొదటి నాణెం ఒళ్ళో పడ్డ రోజు ఆమె ఏడ్చింది. పోనుపోను అదీ అలవాటైపోయింది, జుట్టూ నెరిసింది.

బాగుచేద్దామని వచ్చినవాళ్ళు లేకపోలేదు. దుప్పట్లిచ్చారు, ఫొటోలు తీసుకున్నారు, వ్యానెక్కించి ఊరవతల ఏదో హోమ్‌లో దింపారు. తెల్లారేసరికి మళ్ళీ మెట్టు మీదే ఉంది. కూర్చుని తినడం మరిగిన ప్రాణం, ఇంక పనేం చేస్తుందని తేల్చేశారు. లాండ్రీ షాపు పెద్దావిడ మాత్రం పక్కనే చతికిలబడి, ఎవరూ అడగని మాట అడిగింది.

"ఇక్కడే ఎందుకు కూర్చుంటావే అమ్మాయ్?"

"మా తమ్ముడొస్తాడండీ. నేను కనబడకపోతే కంగారు పడతాడు."

పెద్దావిడ ఆమె భుజమ్మీద చెయ్యి వేసింది. "నా దగ్గర పనుంది, మనిషి కావాలి. వాడి కోసం నీ నీడనిక్కడ ఉంచి రా."

మెట్లక్క లేచింది. నీడ లేవలేదు.

అప్పట్నుంచి మనిషి షాపులో, నీడ మెట్టు మీద. ఊడ్చేవాళ్ళు దాని చుట్టూ ఊడుస్తారు. తెలియక ఎవరైనా దాని మీద సామాను పెడితే టీ కొట్టాయన "అక్కడ మనిషున్నారండీ" అని కేకేస్తాడు. రోజూ ఇంటికెళ్తూ మెట్లక్క దాన్ని పలకరించి వెళ్తుంది. కొత్త బట్టలు కొనుక్కోమంటే "వాడొచ్చాక" అంటుంది, కళ్ళద్దాలు పెట్టించుకోమన్నా "వాడొచ్చాక" అనే అంటుంది. పని దొరికింది, గది దొరికింది, బతుకు మాత్రం వాయిదాలోనే ఉంది.

ఒక మధ్యాహ్నం ఆమె దుప్పటి మడుస్తుండగా నీడ గుమ్మం దాటి లోపలికొచ్చింది. వచ్చి ఆమె కాళ్ళ దగ్గర ఆగింది. వెనకాలే టీ కొట్టాయన, రొప్పుకుంటూ.

"వచ్చాడా?" అంది మెట్లక్క.

"వచ్చాడమ్మా, పెళ్ళాం పిల్లల్తో. వాళ్ళని బస్సెక్కించి తనొక్కడే మెట్టు దగ్గరికొచ్చాడు. నీడని చూడగానే పోల్చుకున్నాడు. పక్కన కూర్చుని ఏడ్చాడు."

"నేనిక్కడున్నానని చెప్పలేదా అన్నా?"

"చెప్పాను. పక్క సందులోనే పనిచేస్తోంది, పిలుచుకొస్తా ఉండండన్నాను. ఇటువైపు చాలాసేపు చూశాడు." ఆయన తలదించుకున్నాడు. "బస్సు కదుల్తుంటే లేచాడు. 'ఇంక లేచి వెళ్ళిపో అక్కా' అని నీడతో చెప్పి, బస్సెక్కేశాడు."

ఆమె దుప్పటి మడత పూర్తి చేసింది.

"చిక్కిపోయాడా?"

"లేదమ్మా. బాగానే ఉన్నాడు."

"పోనీలే" అంది. అన్నాక ఏడ్చింది. పెద్దావిడ ఇస్త్రీ పెట్టె స్విచ్ ఆపేసి పక్కన నిలబడింది.

సాయంత్రం షాపు మూశాక మెట్లక్క బస్టాండు దారి పట్టలేదు. రెండో వైపు తిరిగింది. ఏళ్ళ తరబడి కూర్చునే ఉన్నది కదా, నీడకి నడక రావడం లేదు, అడుగడుక్కీ వెనకబడుతోంది. మెట్లక్క ఆగింది. "తొందరేం లేదు, మెల్లగా రా" అని, అది వచ్చి అందుకునేదాకా నడిరోడ్డు మీద నిలబడింది.