కళ్లజోడు సంగతి అమ్మకు చెప్పొద్దు

కళ్లజోళ్ల షాపు నడుపుకునే అతనికి కొన్నాళ్లుగా ఒళ్లు మండిపోతోంది. అద్దాలు మార్పించుకోవడానికి వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చోగానే తమ కళ్ల గురించి అడగరు. "పాపకి విరేచనాలు తగ్గాయా?" అంటారు. "జుట్టు పొట్టిగా కత్తిరించారటగా, ఎంత ఏడ్చిందో పాపం" అంటారు. అంతా ముక్కూ మొహం తెలియనివాళ్లు. తన కూతురి కడుపు సంగతి తనకన్నా ముందే వాళ్లకు తెలిసిపోతోంది.

ఇదంతా భార్య చలవే. పిల్ల తుమ్మినా నెట్‌లో ఫొటో, అలిగినా ఫొటో, అన్నం వద్దని మొండికేస్తే ఏకంగా వీడియో. వద్దని చెప్పీ చెప్పీ అతని నోరు నొప్పి పుట్టింది. "అందరూ పెట్టుకోవడం లేదూ? మీకే ఎక్కడలేని చాదస్తం" అని ఆవిడ తేలిగ్గా తీసిపారేసేది.

ఒకరోజు బడి నుంచి టీచరమ్మ ఫోను చేసింది. "మీ అమ్మాయి బోర్డు చూసి రాసుకోవడం లేదండీ. పక్కపిల్ల పుస్తకంలోంచి ఎక్కించుకుంటోంది. ఒకసారి కళ్లు పరీక్ష చేయించండి."

ఎవరితో చెబుతోంది ఆ మాట? అతనికి తల కొట్టేసినట్టయింది. బడి వదలగానే పిల్లను నేరుగా షాపుకి తీసుకొచ్చి, గోడమీది అక్షరాల ముందు కూర్చోబెట్టాడు. పై అక్షరం చదివింది. రెండో వరుస దగ్గర కళ్లు చికిలించింది. మూడో వరుసకి నోటికొచ్చింది చెప్పడం మొదలుపెట్టింది.

"ఎప్పటి నుంచే ఇలా?"

"సెలవుల ముందు నుంచి."

"మరి నాతో చెప్పొద్దూ?"

"నీకు చెబితే నువ్వు అమ్మకి చెబుతావు. అమ్మ ఫొటో పెడుతుంది." పిల్ల తల వంచుకుని కాళ్లు ఊపింది. "నేను ఈత రాక ఏడ్చిన వీడియో పెట్టిందిగా. క్లాసులో అందరూ నాలాగే ఏడ్చి చూపించారు. కళ్లజోడు సంగతి చెప్పొద్దు నాన్నా."

అతను ఇంటికి వెళ్లేసరికి భార్య బట్టలు మడత పెడుతోంది. చెప్పులు విప్పకుండానే అందుకున్నాడు.

"ఇన్నాళ్లుగా దానికి బోర్డు కనబడటం లేదట. నీ ఫోనుకి భయపడి నోరు కుట్టేసుకుంది."

"నా మీద పడతారేం? కళ్లజోళ్ల షాపు మీది. ఒక్కనాడైనా కన్నపిల్ల కళ్లు చూశారా?"

ఆవిడ చేతిలో ఉన్న గౌను మడిచి, విప్పి, మళ్లీ మడిచింది.

"ఉద్యోగం మానేశాక నన్ను పలకరించేదెవరు? మీరొచ్చి రాగానే సోఫాలో వాలిపోతారు. దాని ఫొటో పెడితే పదిమంది మాట్లాడతారు." గొంతు తగ్గించి అడిగింది. "నిజంగా నాకు భయపడిందా?"

అతను చెప్పులు విప్పుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు ఫ్రేము ఎంచుకోవడానికి ఆవిడా షాపుకి వచ్చింది. పిల్ల నీలం రంగుది పెట్టుకుని అద్దంలో చూసుకుంటుండగా తల్లి చెయ్యి అలవాటు కొద్దీ సంచిలోకి వెళ్లింది. పిల్ల చటుక్కున కళ్లజోడు తీసి బల్లమీద పెట్టేసింది. అతను పళ్లు కొరుక్కున్నాడు. ఆవిడ చెయ్యి సంచిలోనే కాసేపు ఉండిపోయి, ఖాళీగా బయటికొచ్చింది.

"అది ముక్కు మీద జారుతోంది. ఇంకోటి పెట్టుకుని చూడు" అంది మెల్లగా.

అద్దాలు బిగించి ఇచ్చిన సాయంత్రం తల్లీకూతుళ్లు సోఫాలో ఫోను పట్టుకుని కూర్చున్నారు. పిల్ల కొత్త కళ్లజోడులోంచి ఒక్కొక్క ఫొటోనే చూసి తీర్పు చెబుతోంది. "ఇది తీసెయ్. ఇదీ తీసెయ్." ఈత వీడియో దగ్గర తల్లి, "దీన్ని ఎంతమంది చూశారో తెలుసా" అని నసిగింది. పిల్ల రెప్ప వెయ్యకుండా చూసింది. అదీ పోయింది.

"ఇది మాత్రం ఉండనీ అమ్మా" అంది పిల్ల ఒకచోట.

అతను మెడ చాచి చూశాడు. షాపు కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్న తన ఫొటో.

"ముందు దాన్ని తీసెయ్యండి" అన్నాడు.

"దీనికి అందరూ ఎంత నవ్వారనుకున్నావ్" అని తల్లి కూతురికి చెబుతోంది. అతని మాట ఎవరూ వినిపించుకోలేదు.