జువైనా ఎంచిన ఇంటర్‌కూలర్

నిజ్వాలో ఉండే ఖల్ఫాన్‌ టర్బో కారు ఎండాకాలంలో కొండెక్కేటప్పుడు ఆయాసపడేది. ఇంజిన్‌లోకి వెళ్ళే వేడిగాలిని చల్లార్చడానికి ముందువైపు ఇంటర్‌కూలర్ పెట్టించాలని, భార్య జువైనాను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళాడు. అక్కడ అన్నిటికంటే పెద్దది, తళతళలాడేది చూసి మనసు పారేసుకున్నాడు.

"దీనికి బంపర్ కోయాలి మరి," అన్నాడు దుకాణదారు.

"కోసెయ్యండి!"

"ఆగు. మనం పెళ్ళిలో ఊరేగిన కారు మూతి కోయిస్తావా?" అంటూ జువైనా పక్కనున్న చవక కిట్టును జానతో కొలిచింది. "ఇది కోయకుండానే పడుతుంది. గొట్టాలు, క్లాంపులు కూడా ఇందులోనే ఉన్నాయి."

"ఇంత చిన్నదా! నా స్నేహితులు నవ్వుతారే."

"నవ్వనీ. మా అమ్మ దగ్గరికి మనల్ని వాళ్ళేమీ మోసుకెళ్ళరుగా."

"మీ ఇంజిన్‌కి ఇది చాలు. పెద్దదైతే గాలి నిండడానికే ఆలస్యం," అన్నాడు దుకాణదారు. ఖల్ఫాన్ మూతి ముడుచుకుంటూనే దాన్ని బిగించమన్నాడు.

శుక్రవారం మిట్టమధ్యాహ్నం కారు అత్తగారి ఊరి కొండను హాయిగా ఎక్కేసింది. పైకి చేరాక ఖల్ఫాన్ గొణిగాడు: "బాగానే ఎంచావులే."

"కిటికీ తీసుంది, గాలికి వినబడలేదు."

అతను నవ్వుతూ అద్దం ఎత్తి, ఈసారి గట్టిగా చెప్పాడు.