గట్టురాయి పాఠం

షెలోమికి జానెడు నేల లేదు. ఉన్నదల్లా ఒక నూనె గానుగ. ఊళ్ళో ఒలీవ తోటలన్నీ ఇంచుమించు హేలెసు పెద్దాయనవే కాబట్టి ఆ గానుగ తిరగడమూ ఆగడమూ ఆయన దయే. ఆ పెద్దమనిషే వారం కిందట పొద్దు పొడవక ముందు, విధవరాలు యెరీయోతు పొలం గట్టురాయిని పెరికించి లోపలికి జరిపించాడు. సిగ్గులేని పని. షెలోమి కళ్ళారా చూశాడు. ఒక గొర్రెల కాపరీ చూశాడు. కాపరి ఊరి పెద్దవాకిలి గవిని దగ్గర, తీర్పు చెప్పే పెద్దల ముందు చెప్పేశాడు కూడా. కానీ ఒక్కడి సాక్ష్యం చెల్లదు. ఈ పూట రెండోవాడు నోరు విప్పకపోతే పొలం హేలెసుదే.

"మీరు మాత్రం కదలకండి," అంది భార్య అజూబా. "నోరు అదుపులో పెట్టుకోమని పిల్లలచేత రోజూ వల్లె వేయించేది మీరే కదా!"

"గట్టురాయి జోలికి పోవద్దని కూడా వల్లె వేయిస్తాను."

"ఏం వేయిస్తున్నారు? ఈ మధ్య ఆ పాఠం దాటేస్తున్నారుగా. పిల్లలు కనిపెట్టలేదనుకున్నారా?"

ఆ మాట నోరుజారి వచ్చింది. అజూబా నాలిక కరుచుకుంది గానీ, అప్పటికే షెలోమి చెప్పులు తొడుక్కున్నాడు.

"రేపు పిల్లలకేం పెడతారు?" అని వెనక నుంచి అరిచింది. అతను గవిని వైపు నడిచాడు.

గవిని దగ్గర హేలెసు నవ్వాడు. "ఏరా షెలోమీ, జిడ్డు చేతులతో ఇటొచ్చావేంటి?"

"రాయి జరిపింది మీ పనివాళ్ళు. ఎక్కడ పాతాలో చేత్తో చూపించింది మీరు. నేను చూశాను."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హేలెసు నవ్వు ఆగిపోయింది.

"నా కాయ ఒక్కటి కూడా ఇక నీ గడప తొక్కదు. నేల లేనివాడివి, నీకేంట్రా ఇందులో లాభం?"

"లాభం లేకుండా ఎందుకొస్తానండీ? ఆ ఒక్క పాఠం నా పిల్లలకు చెప్పలేక గుటకలు మింగుతున్నాను. ఇవాళ్టి నుంచి చెప్పుకుంటాను. మీ స్వార్థం మీది, నా స్వార్థం నాది!"

పెద్దలు రాయిని పాతచోటే పాతించారు. ఆ రోజు హేలెసు గాడిదలు గానుగ వైపు రానే లేదు.

సాయంత్రం, తిరగని గానుగ పక్కన పిల్లలు వల్లె వేయడానికి కూర్చున్నారు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎర్రబడ్డ అజూబా మొగుడి వైపు చూడకుండానే అంది:

"గట్టురాయి దగ్గర్నుంచి మొదలెట్టించండి. గట్టిగా! ఆ హేలెసు ఇంటిదాకా వినబడాలి."