ప్రాణాలు పిలిచే పాట

మర్యాద, మర్యాద అని నోరు మూసుకుంటాం చూడండి, ఆ మర్యాదని తీసుకెళ్ళి గోలోక్ నదిలో పారెయ్యాలి. సమ్లీ ఆ రోజు మూడుసార్లు నోరు మూసుకుంది.

మర్నాడు ఆమె ఒక్కగానొక్క కొడుకు ప్రచక్ కాషాయం కట్టబోతున్నాడు. వానాకాలం మూడు నెలలూ బౌద్ధ భిక్షువుగా గుళ్ళో ఉంటాడు. పోయేముందు మొగుడు కోరిన కోరిక అదొక్కటే. మలేషియాలో ఉన్న మా కెలంతాన్ సయామీ ఊళ్ళల్లో ముందురోజు ప్రాణాలు పిలవకుండా ఎవడూ కాషాయం కట్టడు. మనిషికి ముప్పై రెండు ప్రాణాలు. కుర్రాళ్ళ ప్రాణాలైతే సగం పొలం గట్ల మీదా, సగం మోటారు సైకిళ్ళ వెనకా తిరుగుతుంటాయి. వాటినన్నిటినీ ఇంటికి పిలిచి, మణికట్టుకి తెల్లదారం కట్టాలి. పిలవడానికి రెండు గంటల పాట ఉంది. ఏ పుస్తకంలోనూ లేదు. అది వచ్చినవాడు ఖ్లాయ్ తాత ఒక్కడే, ఎనభై ఒక్కేళ్ళవాడు. నేర్చుకోండర్రా అని ఇరవై ఏళ్ళు మొత్తుకున్నాడు. రేపు తాతా, ఎల్లుండి తాతా అంటూ గడిపేశారు మా వీరులు.

బ్యాంకాక్ నుంచి టీవీ వాళ్ళని వెంటబెట్టుకొచ్చింది ఊరిపెద్ద బున్లేప్. సమ్లీకి పెద్దమ్మ కొడుకు. వాళ్ళ నాయకురాలు పిమ్‌దావ్ అనే పిల్ల, ముప్పై దాటి ఉండదు. సమ్లీ "మంచినీళ్ళు తాగుతారా?" అందో లేదో, చప్పట్లు కొట్టింది.

"అయ్యో, అచ్చం మా ముత్తవ్వ మాటే! ఇంకోసారి అనండమ్మా!"

సమ్లీ మళ్ళీ అంది. ఇటు తిరిగి మూడోసారి కూడా అనమన్నారు. చేతిలో నీళ్ళు చేతిలోనే ఉన్నాయి, తాగిన పాపాన ఎవరూ పోలేదు.

"వందేళ్ళనాటి భాష కాపాడుతున్నామని మెచ్చుకోడానికొచ్చారే, కాస్త నవ్వు" అన్నాడు బున్లేప్ చెవిలో.

"కాపాడటానికి ఇదేమన్నా ఊరగాయా అన్నా? పొద్దున లేస్తే కోళ్ళని తిట్టేది దీంతోనే" అంది సమ్లీ. అయినా నవ్వింది.

గుండు గీయించుకుని తెల్లబట్ట కట్టుకున్న ప్రచక్ నట్టింట్లో, ప్రాణాల కోసం కట్టిన అరటాకుల గోపురం ముందు కూర్చున్నాడు. ఖ్లాయ్ తాత గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ముందు దేవతలు, తర్వాత తాతముత్తాతలు, ఆపైన తల్లి కడుపు. సరిగ్గా తల్లి కడుపు దగ్గరకొచ్చేసరికి పిమ్‌దావ్ చెయ్యెత్తింది. కోడి కూసిందట.

"అక్కణ్ణుంచే అందుకోండి తాతగారూ."

అక్కణ్ణుంచి ఎలా అందుకుంటాడు? ఆ పాట ఆయనకి ఏరు వచ్చినట్టు పైనుంచి రావాలి. మధ్యలో పట్టుకోమంటే ఎక్కడుందో ఆయనకే తెలీదు. ఆ మాట చెప్పడానికి మొహమాటపడి మళ్ళీ దేవతల దగ్గర మొదలుపెట్టాడు. సమ్లీ ఊరుకుంది.

రెండోసారి లైటు బాగాలేదన్నారు. మళ్ళీ దేవతలు. మూడోసారి ఏకంగా ఒక కాగితమే తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. "ఈ యాస మా వాళ్ళకి అర్థం కాదు తాతగారూ. ఇది మా పాట, బ్యాంకాక్ మాటల్లో ఉంది. ఇది చదివెయ్యండి, చాలు."

ముత్తవ్వ మాటని మురిసిపోయింది ఈ నోరేనా! సమ్లీకి అరికాలి మంట నెత్తికెక్కింది. బున్లేప్ కళ్ళతోనే బతిమాలాడు. పళ్ళు బిగించి కూర్చుంది. తాత కళ్ళజోడు పెట్టుకుని, బడిపిల్లాడిలా తడుముకుంటూ చదివాడు. వెనక కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. ఆ నవ్వుకి ముసలాయన చెవులు ఎర్రబడ్డాయి. కాగితం మడిచి పక్కన పెట్టి, నాలుగోసారి తన పాటే అందుకున్నాడు. దేవతలు దాటలేదు. దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక నోరు కదిలింది గానీ గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఒక పది నిమిషాలు ఆగుదాం" అంది పిమ్‌దావ్.

"ఆగేదేమిటే నీ బండబడ!" అని లేచింది సమ్లీ. "పొద్దుట్నించీ ఆయన్ని చెరుకుగడ తిప్పినట్టు తిప్పి పిండారు కదే! రేపు తెల్లారేసరికి నా కొడుకు గుళ్ళో ఉండాలి. వాడి ప్రాణాల్ని మీ అమ్మ పిలుస్తుందా?"

"సమ్లీ, అతిథులే..." అన్నాడు బున్లేప్.

"నీ అతిథుల్ని నెత్తిన పెట్టుకుని ఊరేగు అన్నా, నా నట్టింట్లో మాత్రం కాదు!"

వెళ్ళి కొడుకు ఎదురుగా చతికిలపడింది. పాట రాదు. వచ్చిందల్లా కోపం, ఆ కోపంతోనే పిలిచింది.

"రండ్రా! వరద నీళ్ళలో తొమ్మిదో నెల కడుపుతో మంచమెక్కి కూర్చున్నా వీడి కోసం. రండి! మూడు రోజులు నొప్పులు పడ్డా, వీడి నాన్న పడవ కోసం ఊరంతా తిరిగాడు. ఏ గట్టు మీదున్నా, ఏ పిల్ల గుమ్మంలో ఉన్నా రండి! వచ్చాయా?"

"వచ్చాయి!" అన్నారు జనం, ఆనవాయితీగా. ప్రచక్ వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. తాత వాడి మణికట్టుకి దారం కట్టాడు.

పిమ్‌దావ్ కళ్ళు తుడుచుకుంది. "ఎంత బాగుందమ్మా! ఆ చివరిది మైకులో సరిగా పడలేదు. ఇంకొక్కసారి..."

"ముడి పడ్డాక పిలిస్తే, వచ్చినవి లేచి వెళ్ళిపోతాయి" అంది సమ్లీ. "ముందు నువ్వు వెళ్ళు."

ఈసారి బున్లేప్ తనే వెళ్ళి లైటు తీగ పీకాడు.

ప్రచక్ కాషాయం కట్టాడు. ఖ్లాయ్ తాతకి మాత్రం గొంతు రాలేదు. తుంపత్ ఆస్పత్రిలో మందులిచ్చారు, తేనె నాకించాం, గుళ్ళో మొక్కుకున్నాం. వానలు వెళ్ళేలోపే పోయాడు. పై ఏడాది ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు కాషాయం కట్టాలి. టీవీ వాళ్ళ దగ్గరైనా పాట ఉంటుందని బున్లేప్ కబురు పెట్టాడు. వాళ్ళు మంచివాళ్ళే, తీసిందంతా ఫోనుకి పంపారు. ఊరంతా సమ్లీ ఇంట్లో చేరి చూసింది. దేవతలు ఉన్నారు, నాలుగుసార్లు. తాతముత్తాతలు రెండుసార్లు. తల్లి కడుపు దగ్గర ఒక్క ముక్క, కోడి కూత. ఆ తర్వాత పాట లేదు.

"పాపం, వాళ్ళకేం తెలుసు వదినా" అంది పక్కింటావిడ.

"వాళ్ళకి తెలీదు. నాకు తెలుసుగా!" అని అరిచింది సమ్లీ. "మొదటిసారి ఆపినప్పుడే ఆ పిల్ల జుట్టు పట్టుకుని మెట్లు దింపి ఉంటే, పాట పూర్తయ్యేది. కూర్చున్నాను, నవ్వుతూ కూర్చున్నాను ముదనష్టపుదాన్ని!"