గుమ్మం పైన కన్నం

పులిసిన మట్టి వాసన.

కొర్నేలు చేతులకు ఎప్పుడూ అదే. సబ్బుతో తోమినా పోదు. అన్నం కలిపినా, భార్య జుట్టు సవరించినా... అదే వాసన.

మట్టిలో గడ్డి కలిపి, నీళ్లు పోసి, వారాల తరబడి నానబెడతారు. పులిశాకే గోడను పట్టుకుంటుంది. తాపీ పనికిరాదు. అరచేత్తోనే మెత్తాలి.

అరచేత్తోనే – జాయ్సీకి అక్కడే మండేది.

సౌదీలో, హుఫూఫ్ ఖర్జూర తోటల మధ్య ఏనాటిదో ఒక కోట ఇల్లు. దాన్ని బాగుచేసే పని కొర్నేలుది. మూలమూలకీ బురుజు. మంచం పట్టేంత మందాన గోడలు. కప్పుకి ఖర్జూరపు మానులు. శత్రువులు చుట్టుముట్టినా బతకడానికి లోపలే బావి, లోపలే ధాన్యం కొట్లు. ఆడవాళ్లకు వేరే దారి. పెద్ద గుమ్మం పైన ముందుకు పొడుచుకొచ్చిన మట్టి గూడు, దాని అడుగున కన్నం. తలుపు తట్టింది చుట్టమో శత్రువో అందులోంచి చూసేవారట.

శత్రువైతే – సలసల కాగే నీళ్లు.

ఇదంతా కొర్నేలు చెప్పిందే. ఆమె ఆసుపత్రి నుంచి వచ్చి యూనిఫాం మార్చుకోకముందే మొదలుపెట్టేవాడు. "ఇవాళ పడమటి బురుజు అయిపోయిందే." తిన్నావా అని అడిగేవాడు కాదు.

గోడల మీద అసూయేమిటని నవ్వుకోబోయేది. నవ్వు వచ్చేది కాదు.

ఆ యేడు పరాయి దేశపు పనివాళ్ల మీద సర్కారు లెవీ పెరిగింది. మనిషికింతని కట్టలేక, పనిలో పెట్టుకున్న కఫీల్ చేతులెత్తేశాడు. దేశం వదిలి పొమ్మని కొర్నేలుకి ఎగ్జిట్ కొట్టారు. ఆమె ఇకామా, ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఆసుపత్రిది. ఆమె ఉండిపోవాలి.

శుక్రవారం. తెల్లారితే అతని విమానం.

"ఒక్కసారి ఇల్లు చూసొద్దామే," అన్నాడు.

ఏ ఇల్లని ఆమె అడగలేదు.

గోడ వెంట నడిచాడు. ఆగాడు. అరచెయ్యి ఆనించాడు. మళ్లీ నడిచాడు... పక్కనే ఆమె చెయ్యి ఖాళీగా ఉంది.

ఉడుక్కుంటూ మెట్లెక్కేసింది. గూట్లో నిలబడి, కన్నంలోంచి కిందికి చూసింది.

గుమ్మం దగ్గర కొర్నేలు. గోడకు నుదురు ఆనించి ఏడుస్తున్నాడు.

పెళ్లైన కొత్తలో ఆమె ఒక్కతే ఈ దేశానికి బయల్దేరినప్పుడు అతను ఏడవలేదు. ఒక్క చుక్క రాల్చలేదు.

కాగే నీళ్లుంటే పోసేసేది.

"దిగు జాయ్సీ," అన్నాడు తలెత్తకుండానే. "మెత్తు ఇంకా పచ్చిగా ఉంది, జారతావు."

"నేనని ఎట్టా తెలిసింది మీకు?"

"ఆ కన్నంకాడ ఎవరు నిలబడినా గుమ్మంలో ఎలుతురు పోద్ది."

"ఎవరికోసమండీ ఆ ఏడుపు? దీనికోసమా... నాకోసమా?"

తలెత్తాడు. నుదుటికి మట్టి. అరచెయ్యి గోడ మీదే ఉంచాడు.

పక్కనున్న పచ్చి మెత్తులో ఆమె అయిదు వేళ్లూ దించింది. దిగినంత లోతుకి. ఆ వేళ్ల అచ్చు వానలకి కరుగుతుంది. ఇంకెవడో వచ్చి మెత్తేస్తాడు. మెత్తనీ.

అతను వెళ్లిపోయాడు.

మర్నాడు వార్డులో, రోగిని ముట్టుకునే ముందు చేతులు కడుక్కుంది. వాసన చూసుకుంది. మళ్లీ కడుక్కుంది.

పులిసిన మట్టి వాసన... అతనిదో, ఆ ఇంటిదో.

మరోసారి కుళాయి తిప్పబోయి, ఆగింది.