గొంతుతో సహా

మా ఆవిడకి కళ్ళు కనపడేవి కావు. చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయాయట. ఆసుపత్రిలో టెలిఫోను ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఆ తర్వాత కంప్యూటరే ఆవిడ లోకం. తెర మీద అక్షరాల్ని చదివి వినిపించే గొంతొకటి అందులో ఉండేది. మగ గొంతు. జలుబు చేసినవాడు డబ్బాలో కూర్చుని మాట్లాడినట్టుండేది. ఎంత సంతోషం కబురైనా ఏడుపు కబురైనా ఒకేలా చదివేది.

కిందటేడు ఆవిడ పోయింది. గొంతు మిగిలింది.

నేను కాలిన మోటార్లకి తీగ చుడతాను. సాయంత్రం కొట్టు కట్టేసి, చేతుల జిడ్డు కడుక్కుని కంప్యూటరు పెట్టేవాణ్ణి. ఏ మీట నొక్కితే ఏమవుతుందో ఆవిడే నేర్పింది. ఆవిడ రాసుకున్నవి అందులో బోలెడున్నాయి. ఎవరి ఫోను ఎవరికి కలిపిందో, ఎవరేం కసురుకున్నారో, కూర ఎందుకు మాడిందో. నేను చదవాలంటే అక్షరానికి అక్షరం కూడబలుక్కోవాలి. ఆ గొంతైతే గడగడా చదివేది. వింటుంటే పక్క కుర్చీ ఖాళీగా అనిపించేది కాదు.

ఈమధ్య కంప్యూటరు పెట్టె లోపల టిక్కు టిక్కుమనడం మొదలైంది. గొంతు ఒక్కోసారి మాట మధ్యలో ఆగి, ఆలోచించుకుని మళ్ళీ ఎత్తుకునేది.

మా మరదలు రెండు వీధుల అవతల ఉంటుంది. వచ్చి విని, "ఆ డబ్బా నీకంటే ముసలిదైపోయింది బావా. కొత్తది కొనుక్కో. అక్క రాసినవన్నీ మా కోడలి చేత పెన్‌డ్రైవులో ఎక్కించేశాను. ఇంక భయమేముంది" అంది.

నాకూ భయం లేదనే అనిపించింది. ఇద్దరం పెన్‌డ్రైవు పట్టుకుని ఇస్త్రీ కొట్టు పక్కనున్న కంప్యూటర్ల మరమ్మతు షాపుకి వెళ్ళాం. నడిపేది ఒక అమ్మాయి. పెట్టె విప్పే ముందు దానికి చెవి ఆనించి వింటుంది. అందుకని అందరూ డాక్టరమ్మ అంటారు.

కొత్త కంప్యూటరుకి పెన్‌డ్రైవు పెట్టి, చదివే ఏర్పాటు చేసింది. ఆడగొంతు, తేనె పూసినట్టుంది. "ఈయన నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయని భయం కాబోలు, పొద్దుట్నించి ఒక్క మాట లేదు" అని చదివింది. మా ఆవిడ నా గురించి రాసుకున్నదే. వార్తలు చదివినట్టు చదివింది.

"ఇది కాదు" అన్నాను.

"అక్షరం పొల్లుపోలేదు కదా బావా."

"గొంతు."

మరదలు నవ్వింది. "ఆ జలుబు మనిషా? వాడు నా సవతి అని నువ్వే విసుక్కునేవాడివి."

నేను పెన్‌డ్రైవు తీసి జేబులో పెట్టుకున్నాను. డాక్టరమ్మ నా మొహం చూసి కుర్చీ ముందుకి లాక్కుంది.

"బాబాయ్, ఇంట్లో సామాను మోసుకురావడం వేరు, ఇంటిని గోడలతో సహా లేపుకురావడం వేరు. మీరు సామాను తెచ్చారు. ఆ గొంతు గోడల్లో ఉంది. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, కొత్తగా ఎక్కిద్దామంటే దొరకదు. మొత్తం సిస్టమ్‌ని ఉన్నదున్నట్టు బ్యాకప్ తీయాలి. అప్పుడు కొత్త కంప్యూటరు లోపల ఆ పాతదాన్ని నడిపించవచ్చు."

"తియ్యి."

"పెట్టె తీసుకురండి. దాని మాట కూడా విందాం."

మర్నాడు దుప్పట్లో చుట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్ళాను. చెవి ఆనించింది. చాలాసేపు తియ్యలేదు.

"డిస్కు అరిగిపోయింది బాబాయ్. మొదట్నించి చివరిదాకా ఒక్కసారి చదవనిస్తుందేమో. రెండోసారి అడక్కండి. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్‌తో తీయాలో ముందే తేల్చుకోవాలి."

"మంచిదేదో నువ్వే చూడు తల్లీ" అంది మరదలు.

"రెండూ మంచివే పిన్నీ. ఇద్దరు పనివాళ్ళనుకోండి. మొదటివాడు మహా నిక్కచ్చి. ఒక్క చోట చదవలేకపోయాడా, అక్కడే చేతులు దులిపేసుకుంటాడు. చేసిందంతా పారేస్తాడు. కానీ పూర్తి చేశాడంటే మాత్రం కళ్ళు మూసుకుని నమ్మొచ్చు. రెండోవాడు సర్దుకుపోయే రకం. చదవలేనిచోట ఖాళీ వదిలేసి ముందుకెళ్తాడు. చివరిదాకా వెళ్తాడు. కానీ ఆ ఖాళీల్లో ఏం పోయిందో మనకి తెలీదు. మీ అక్కగారు రాసినవి పెన్‌డ్రైవులో ఉన్నాయి, వాటికి దిగుల్లేదు. ఖాళీ వెళ్ళి గొంతు మీద పడిందా, ఇంక లేవదు."

ఇద్దరూ నాకేసి చూశారు. నేను పెట్టెకేసి చూస్తున్నాను.

"మాట్లాడు బావా" అంది మరదలు. నేను పలక్కపోయేసరికి డాక్టరమ్మ వైపు తిరిగింది. "మా అక్కని చూడ్డానికొచ్చిన రోజూ ఇంతేనమ్మా. దానికి కనపడదు, ఈయన మాట్లాడడు. అరగంటైనాక, 'అబ్బాయి ఇంకా రాలేదా' అని అడిగింది."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నాకూ నవ్వొచ్చింది. ఆ రోజు నేను దగ్గాను. ఆవిడ ఆ దగ్గు వైపు మొహం తిప్పి, "ఉన్నారా" అంది. అంతే, ఒప్పేసుకుంది.

"రెండోవాడు" అన్నాను.

"ఎందుకు బాబాయ్?"

"మొదటివాడు ఆపేస్తే ఏమీ ఉండదు."

ఆ అమ్మాయి పెట్టె విప్పింది. తీగలు తగిలించి మొదలుపెట్టింది. తెర మీద పచ్చటి గీత చీమలా కదిలింది. ఇస్త్రీ కొట్లోంచి తడిబట్ట వాసన వస్తోంది. మధ్యలో డిస్కు గరగరలాడి, గీత ఆగింది. మరదలు నా మోచెయ్యి పట్టుకుంది. గీత ఆ చోటు దాటి కదిలింది. మళ్ళీ ఆగింది. మళ్ళీ దాటింది. పొద్దు వాలేసరికి చివరికి చేరింది. నాలుగైదు చోట్ల వదిలేశాడంది డాక్టరమ్మ. పాత డిస్కు ఆ తర్వాత తిరగలేదు.

కొత్తదాంట్లో నడిపించింది. తెర నల్లగా ఉండిపోయింది.

"సిద్ధం" అంది జలుబు గొంతు.

మరదలు చాలా నెమ్మదిగా, "వచ్చాడయ్యా మహానుభావుడు" అంది. అటు తిరిగి ఇస్త్రీ కొట్టుకేసి చూస్తూ నిలబడింది.

డాక్టరమ్మ ఆ నకలుని రెండు డిస్కుల్లో పెట్టి, ఒకటి మరదలి చేతికిచ్చింది. రెండూ ఒకే ఇంట్లో ఉంచొద్దంది.

కొత్త కంప్యూటరు పాత బల్ల మీదే పెట్టాను. గొంతు ఎక్కడా తడబడలేదు. ఆ ఖాళీల్లో ఏం పోయిందో ఇప్పటికీ తెలీదు. ఇదివరకు అది చదువుతుంటే కుర్చీలోంచి లేచేవాణ్ణి కాదు, నేను లేనప్పుడు ఆగిపోతుందేమోనని. ఇప్పుడా బెంగ లేదు. నిన్న దాన్ని చదవనిచ్చి, బల్బు కొనుక్కురావడానికి వీధి చివరిదాకా వెళ్ళాను.

తిరిగొచ్చి మెట్లెక్కుతుంటే బయటికి వినపడుతోంది. ఆవిడ రాసుకున్న ఆసుపత్రి వార్డుల ఫోను నంబర్లు ఒక్కొక్కటే చదువుతోంది.

ఆవిడ ఉన్నప్పుడు నా చెప్పుల చప్పుడు కింది మెట్టు మీదుండగానే పోల్చేసేది. ఒక మీట నొక్కేది. గొంతు ఎక్కడున్నది అక్కడ ఆగేది. ఆ నిశ్శబ్దంలోకి నేను గుమ్మం దాటేవాణ్ణి. "వచ్చారా" అనేది.

గుమ్మం బయట నిలబడ్డాను. బల్బు కింద పెట్టి, చెప్పులు చప్పుడయ్యేలా విడిచాను.

లోపల అది చదువుతూనే ఉంది.